పడింది నా ఒళ్లో

పరుపులు కుట్టే కంచు అవ్వకు ఆ పేరు గొంతును బట్టి వచ్చింది. ఆమె వీధి మొదట్లో బేరమాడితే చివరి దుకాణంవాడు ధర తగ్గించేవాడట. నడివయసు రాకముందే మొగుడు పోతే, దూది ఏకి, సూది పట్టి ఒక్కగానొక్క కొడుకును పెంచింది. వాడిప్పుడు గోడల మీద బోర్డులు రాస్తాడు.

మొగుడు సైన్యంలో వంటవాడు. యుద్ధమంటే జనానికి గుండ్లూ కత్తులూ తప్ప ఇంకేం తోచవు. మురికినీళ్లు తాగి విరేచనాలతో పోయినవాళ్లను ఎవరు తలుచుకుంటారు? ఆయన దళంలో శత్రువు కన్నా ఆ జబ్బే ఎక్కువమందిని మింగింది. అదే జబ్బుతో ఆయనను ఇంటికి పంపేశారు. వెనక గదిలో మంచాన పడి, నెల తిరక్కుండానే పోయాడు.

ఇన్నేళ్లకు వీధి సంఘంవాళ్లు అమరులకు శిలాఫలకం వేయిస్తూ ఆమె దగ్గరికి వచ్చారు.

"మీ ఆయన పేరే మొదట, పెద్దమ్మా. 'తుపాకీ పట్టి యుద్ధభూమిలో నేలకొరిగిన వీరుడు'. బాగుందా?" అన్నాడు అధ్యక్షుడు, గోడ మీది ఫొటో చూపిస్తూ.

"ఆ తుపాకీ చెక్కది నాయనా, స్టూడియోవాడిది. అది పట్టుకుంటే గానీ ఫొటో తియ్యనన్నాడు. మా ఆయన పట్టింది గరిటె. పోయింది విరేచనాలతో. అదే చెక్కించండి."

వాళ్లు నీళ్లు నమిలారు. "రాతి మీద అలాంటి మాటా? అయితే పేరే తీసేయాల్సి వస్తుంది."

"తీసెయ్యండి!"

వాళ్లు గడప దాటగానే కొడుకు లేచాడు. "నీకేమైనా పిచ్చా అమ్మా? మా నాన్న వీరుడని చిన్నప్పటినుంచీ అందరికీ చెప్పుకు తిరిగాను. ఒక్క అబద్ధమాడితే ఎవరి సొమ్ము పోయింది?"

"నా సొమ్మేరా! యుద్ధభూమిలో పడ్డాడట. పడింది నా ఒళ్లో. అక్కడే పోయాడంటే, రాత్రీపగలూ నేను ఉతికిన పక్కగుడ్డలు ఎవరివి? నీ మేనత్తలే ముక్కు మూసుకుని పారిపోతే చెంచాతో నీళ్లు పోసింది ఎవరు? వంటవాడంటే నీకు సిగ్గా? ఆయన వండకపోతే ఆ వీరులు తుపాకీ ఎత్తేవాళ్లా?"

ఆమె మూలనున్న నిచ్చెన ముందుకు లాగింది.

"రంగుడబ్బా తియ్యి. మన గోడ మీదే రాద్దువుగాని, వీధి వైపు."

వాడు నిచ్చెన వేసుకుని తండ్రి పేరు రాశాడు. కింద 'సైన్యంలో వంటవాడు' అని రాశాడు. దారినపోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. మూడో వరుస దగ్గర కుంచె ఆగిపోయింది.

"అమ్మా, 'జబ్బుతో' అని ఊరుకోనా?"

"విరేచనాలతో అనే రాయి, పెద్ద అక్షరాలతో," అంది కంచు అవ్వ, నిచ్చెన గట్టిగా పట్టుకుని. "కడిగినదాన్ని నేను. నాకు లేని సిగ్గు నీకెందుకు?"