ఇఫ్తార్ లేని రోజా

2023 వేసవి, కర్నూలులో ఒక క్యాన్సర్ ఆసుపత్రి. క్యాన్సర్ రాక్షసిని ఆకలితో మాడ్చి చంపడానికి బయలుదేరిన ఒక మహావీరుడి గాథ చెప్పబోతున్నాను. యుద్ధం, త్యాగం, కన్నీళ్లు అన్నీ ఉంటాయి. సరే, ఉండవు. ఇది ఒక మనిషి మళ్లీ అన్నం తిన్న కథ. నేనక్కడ డైటీషియన్‌ని, అంటే ఏం తినాలో చెప్పి తిట్లు తినేవాణ్ణి.

హుసేన్‌పీరాకు బనగానపల్లె దగ్గర మామిడితోట ఉంది. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయి, కీమో నడుస్తోంది. ఫోన్లో ఎవరో మెటబాలిక్ థెరపీ గురించి చెప్పగా విన్నాడు: క్యాన్సర్ కణం చక్కెర మీద బతుకుతుంది, చక్కెర ఆపితే చస్తుంది. అంతే, అన్నం, సంగటి, పండ్లు బంద్. గుడ్లు, కొబ్బరినూనె మాత్రమే. పిండిపదార్థాలు మానేసి ఒంటిని కొవ్వుతో నడిపే ఈ పద్ధతినే కీటో డైట్ అంటారు. కాయ పండే కాలంలో, సొంత తోటలో, ఒక్క పండు ముట్టలేదాయన. ఎదురుగా బిస్కెట్ ఉంటే చేయి ఆపుకోలేని నేను ఆయనకు పథ్యం గురించి చెప్పాలి.

బరువు తగ్గిపోతోంది. ఇంకా తగ్గితే ఈసారి కీమో వాయిదా వేస్తానని డాక్టరు చెప్పేశారు.

"దాన్ని పస్తు పెడతాండానప్పా," అన్నాడు హుసేన్‌పీరా గర్వంగా.

"అది పస్తుంటాందో లేదో గానీ పీరా భాయ్, మీ ప్యాంటు మాత్రం జారిపోతాంది."

ఈ ఆహారాల మీద పరిశోధనలు జరుగుతున్న మాట నిజమేనని, కానీ కీమో బదులు ఇవి పనిచేస్తాయని ఎవరూ తేల్చలేదని చెప్పాను. తిండి చాలకపోతే ఒళ్లు తన కండనే కరిగించుకుంటుందని కూడా చెప్పాను. తక్కువ ధర అడిగే మామిడి దళారి మాట వినే ఓపికతో విన్నాడు.

"చిన్నప్పట్నుంచి రంజాన్‌లో పస్తు రోజాలుండేటోణ్ణి. ఆకలి నాకొక లెక్కా?"

అంతవరకూ మూల కుర్చీలో కూర్చున్న ఆయన భార్య మస్తాన్‌బీ అందుకుంది. "రోజా అంట, రోజా! ఇఫ్తార్ లేని రోజా యాడన్నా ఉండాదా? జబ్బు మనిషికి అల్లానే మాఫీ ఇచ్చినాడు. నువ్వేమన్నా ఆయన కంటే పెద్దోడివా?"

ఇంత పనికొచ్చే మాట మా కాలేజీలో ఎవరూ చెప్పలేదు. పీరా భాయ్ నా వైపు తిరిగాడు.

"అయితే ఇఫ్తార్ ఎన్ని గంటలకప్పా?"

వెంటనే వేళలు పెట్టేశాను. పొద్దున సహర్, సాయంత్రం ఇఫ్తార్, మధ్యలో పేరు లేని తిండ్లు. ఏ మొండితనంతో మానేశాడో అదే మొండితనంతో తిన్నాడు. కీమో వల్ల నోరంతా ఇనుము రుచి, కడుపులో వికారం. అయినా వేళ అయితే సంగటి, పప్పు, పెరుగు ముందుకు రావాల్సిందే. కీమో ఎక్కుతున్నా ఒడిలో డబ్బా తెరుచుకుని నమలడం చూశాను. ఆకలేస్తే ఆపుకోవడం కన్నా, ఆకలి లేకుండా తినడం శానా కష్టం. వీరుడని మొదట్లో అన్నది ఊరికే కాదు.

తర్వాతిసారి మిషన్ ఎక్కితే బరువు పెరిగింది. నేను చప్పట్లు కొట్టాను. నర్సు కూడా కొట్టింది.

"ఆగప్పా," అని మస్తాన్‌బీ ఆయన జుబ్బా జేబులోంచి పెద్ద మామిడిపండు తీసింది.

"నీకే తెచ్చినా లేప్పా," అన్నాడాయన తల గోక్కుంటూ.

పండు తీసేస్తే పోయినసారి బరువే. తగ్గలేదు, అంతే. కీమోకు అది చాలు, ఆరోజే ఎక్కించారు.

ఈ కేసు నాకు నేర్పింది ఏమిటంటే, బరువు చూసేముందు జేబులు ఖాళీ చేయించాలి. చెప్పులు కూడా విప్పించాలి.