నీలం సుద్ద గీత

మా చిన్నాయన పోయాడన్న కబురు కాలేజీ గేటు దగ్గర అందింది. చెప్పడానికి వచ్చిన మనిషి ఒంటి మీది చొక్కా చిన్నాయన కుట్టిందే.

నారాయణఖేడ్ బజారులో ఆయన దర్జీ. పాత చొక్కా తెచ్చి ఇదే కొలత అన్నా వినడు, మళ్లీ టేపు పట్టేవాడు. గుడ్డ మీద నీలం సుద్దతో గీత గీశాకే కత్తెర పెట్టేవాడు. "అడిగి రాసుకో బిడ్డా, అనుకొని రాయకు" అనేవాడు. కాజా, అస్తరు, కచ్చాకుట్టు. నేను ఇష్టపడ్డ తొలి మాటలు ఆ దుకాణంలో దొరికినవే.

కిడ్నీలు చెడ్డాక వారానికి రెండుసార్లు చిన్నమ్మ ఆయన్ను హైదరాబాద్ దవాఖానకు తీసుకెళ్లేది, మిషన్ మీద రక్తం కడిగించడానికి. ఆమెకు చదువు రాదు. మాత్రల వేళలు నోటుబుక్కులో నేను రాసేదాన్ని.

కొన్ని నెలలకు ఆయన కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పేశాడు. "ఎన్నిసార్లు కడిగినా గంతే గదా. ఇగ నేను రాను" అన్నాడు. డాక్టర్ దిగులు తగ్గే మాత్ర, రోజూ పొద్దున ఒకటి, రాశాడు. గుణం కనబడటానికి నాలుగైదు వారాలు పడుతుందన్నాడు.

దవాఖానలో, బలం మాత్రలు రక్తం కడిగే మిషన్‌లో కొట్టుకుపోతాయని, ఇంటికొచ్చాకే వేసుకొమ్మనేవారు. ఇదీ అంతే, పొద్దున వేసుకున్నది కొట్టుకుపోతుంది అనుకున్నాను. మిషన్ రోజుల్లో పొద్దున ఒకటి, తిరిగొచ్చాక ఇంకొకటి అని ఎర్ర సిరాతో ముద్దుగా రాశాను.

ఆయన కూర్చున్నచోటే తూగసాగాడు. సూదిలో దారం ఎక్కించలేకపోయాడు. రోజుకు రెండు గ్లాసులకు మించి నీళ్లు తాగకూడని మనిషి, "నోరు ఎండుకపోతుంది, ఇంకో గుక్క పొయ్యవే" అని చిన్నమ్మను బతిమాలాడు.

డాక్టర్ నా నోటుబుక్కు చూశాడు. "ఈ మందు మిషన్‌లో పోదమ్మా. ఒంట్లోనే అంటిపెట్టుకొని ఉంటుంది. కిడ్నీలు బయటికి పంపాల్సిన దాని మిగులు కూడా లోపలే పేరుకుంటుంది" అన్నాడు. ఇకమీదట రోజుకు సగమే అన్నాడు.

చిన్నాయన తిట్టలేదు. "అడగలేదా బిడ్డా" అన్నాడంతే. మాత్రలు తానే బ్లేడుతో సగాలు చేసి కాగితంలో చుట్టాడు. వేసుకుంటున్నాడనే అనుకున్నాం.

తర్వాతి నెలలో చిన్నమ్మ సంచి సర్ది, "బస్సొస్తది, లే" అంటే, గోడవైపు తిరిగి పడుకున్నాడు. "నువ్వే పో. గా మిషన్‌కు నీ చెయ్యి ఇయ్యి" అన్నాడు. అందరం బతిమాలాం. మళ్లీ బస్సెక్కలేదు. రెండు వారాలు కూడా బతకలేదు.

నిన్న కుట్టుమిషన్ సొరుగులో ఆ కాగితం దొరికింది. విప్పాను. ఒక్క సగమూ వేసుకోలేదు. కోయడానికి ముందు ప్రతి మాత్ర మీదా కొలిచి గీసినట్టున్నాడు. ప్రతి సగం అంచునా నీలం సుద్ద, ఇంకా చెరగకుండా.