స్పానిష్ పరీక్షలో మా మంద

యూనివర్సిటీలో స్పానిష్ నేర్చుకుంటున్న రోజులవి. నోటి పరీక్షలో మేడమ్ ఒక్కొక్కరినీ సమూహాల పేర్లు అడుగుతూ, నా వంతు రాగానే "రెబాన్యో" అన్నారు. అంటే గొర్రెల మంద. ఆ మాట వాడి మా ఇంటి గురించి ఒక వాక్యం చెప్పమన్నారు. అంతకు ముందు వారమే ఊళ్లో పిడుగు పడి మా మందంతా పోయింది. "మా బాపుకు మంద ఉంది" అని స్పానిష్‌లో చెప్పి ముఖం పక్కకు తిప్పుకున్నాను. పరీక్ష భయమనుకుని మేడమ్ మంచినీళ్లిచ్చారు.

సాయంత్రం తార్నాక మెట్రో మెట్ల దగ్గరుండగా బాపు ఫోన్ చేశాడు.

"పరీక్షల ఏమడిగిన్రు బిడ్డా?"

"మంద గురించి బాపూ."

"ఉన్నదనే చెప్పినవ్ గదా?"

"ఉన్నదనే చెప్పిన."

"మంచిగ చెప్పినవ్" అని ఫోన్ పెట్టేశాడు.

స్పానిష్ చాలావరకు మర్చిపోయాను. "రెబాన్యో" అన్న ఆ ఒక్క మాట మాత్రం పోవడం లేదు.