నా గొంతు నాకే ఫోన్ చేసింది

ఈ మధ్యాహ్నం అవనిగడ్డలో అన్నం తింటుంటే ఫోన్ మోగింది. ఎత్తితే నా గొంతే! "అయ్యా, చెరువులో ఏరియేటర్లు ఆగిపోయాయి. తొందరగా రండి!"

కరెంటు పోయి, నీళ్లకు గాలి కొట్టే ఏరియేటర్లు ఆగితే రొయ్యలు చచ్చిపోతాయి. అప్పుడు రైతుకు ఫోన్ చేసే పెట్టెలు తయారుచేసేది మా కంపెనీ. ఆ మాటలు బయటి చప్పుడు పడకుండా దుప్పటి ముసుగేసుకుని నేనే రికార్డు చేశాను. కిందటేడు కంపెనీ అమ్మేశాను. కంపెనీ కొన్నవాళ్లు నా గొంతు తీసేసి మిషను గొంతు పెట్టారు. మొట్టమొదటి పెట్టె కొన్న ఏసురత్నం మావయ్య దగ్గర మాత్రం పాతదే ఉంది. పరీక్ష కోసం అందులో నా నంబరు కూడా పెట్టిన సంగతి నేనే మర్చిపోయాను.

వెంటనే ఆయనకు ఫోన్ చేశాను.

"జనరేటర్ వేసేశాన్లేరా. కంపెనీవాళ్లు కొత్త పెట్టె పెడతామన్నారు, వద్దన్నాను. ఆ మిషను గొంతు తాపీగా చెబుతుంది, లేవబుద్ధి కాదు. నీ గొంతులో కంగారుంటది. నీ నంబరు తీసేయించమంటావా?"

"వద్దు మావయ్యా, ఉండనివ్వండి."

అప్పటికే నేను ఎంగిలి చేత్తో బండి స్టార్ట్ చేసి ఉన్నాను.

అమ్మకం కాగితాల్లో నా గొంతు కూడా రాసిచ్చేశానేమో గుర్తులేదు. లాయర్లు తప్ప మిగతా అందరూ కామెంటు పెట్టొచ్చు.