మా హాల్టు కోసం మోకరించిన ఉదయం

నిన్న మేడ్చల్ దాటాక రైల్వే గేటు పడి మా ఆటో ఆగింది. పట్టాల అవతల తుమ్మ మొక్కల్లో మునిగిన పాత ప్లాట్‌ఫారం కనిపించింది. ఎన్నడో మూసేసిన మా హాల్టు స్టేషన్ అది. రైలు కూత వినగానే, ఇన్నేళ్ల తర్వాత కూడా, నా తల దానంతటదే వంగింది.

ఆ స్టేషన్‌కు ఉన్నదల్లా చుట్టూ రేకులు కొట్టిన ఒక షెడ్డు, ఎప్పుడూ మూతి ముడుచుకుని ఉండే టికెట్ల తాత. అయినా మా ఇంటికి అదే ఆధారం. అక్కకు ఉబ్బసం. ఆయాసం ముదిరితే పొద్దుటి ప్యాసింజర్‌లో సికింద్రాబాద్ ఆసుపత్రికి తీసుకుపోయేవారు. బస్సు కావాలంటే దుమ్ములో చాలా దూరం నడిచి పెద్దరోడ్డు చేరాలి. అంత నడకకు అక్క దగ్గర ఊపిరి లేదు. ఎక్కేవాళ్లు లేరని స్టేషన్ మూసేస్తారన్న మాట వచ్చిన రోజు అమ్మ అన్నం ముట్టలేదు. తనిఖీ బండిలో ఒక అధికారి వస్తాడని, బండి ఆగదుగానీ ఆయన ప్లాట్‌ఫారం మీది జనాన్ని లెక్కేసుకుంటూ పోతాడని, స్టేషన్ ఉంచేదీ మూసేదీ దాన్నిబట్టే తేలుతుందని టికెట్ల తాత చెప్పాడు.

ఆ ఉదయం మా చర్చి సంఘమంతా ఆదివారం బట్టలు కట్టుకుని వచ్చింది. బండి ఆలస్యం. ఎండకు పిల్లలు ఏడుస్తుంటే, "జెర షెడ్డుల ప్రార్థన జేస్కుందాం, బండి వచ్చేదాక" అన్నారు సంఘపెద్ద. మాలో ప్రార్థనంటే మోకాళ్లూని కళ్లు మూసుకోవడం. ఆమేన్ అనేదాకా కదలకూడదు. ఆయన ప్రార్థనేమో సృష్టితో మొదలై, నోవహు ఓడ దిగి, అందరి ఇళ్ల రోగాలనూ పేరుపేరునా తడిమితేగానీ ఆగదు. ప్రార్థన ఇంకా ఐగుప్తు దేశం దాటకముందే కూత వినిపించింది. పక్కన అక్క ఛాతీలో పిల్లికూతలు. నేను తల ఎత్తబోతే అమ్మ చెయ్యి నా మెడ వంచింది.

ప్లాట్‌ఫారం మీదున్న చేపలమ్మే పెద్దమ్మ కేకలేసింది: "ఓ పెద్దయ్యా! లేవుండ్రి, బండి పోతాంది! నన్నొక్కదాన్నే జూసి పోతడు!"

ఎవరూ లేవలేదు. సంఘపెద్ద గొంతు మాత్రం పరుగందుకుంది. ఆమేన్ అని మేం బయటికి ఉరికేసరికి ఆఖరి డబ్బా మలుపు తిరుగుతోంది.

"దేవుని తోటి మాట్లాడేటప్పుడు ఒక్కలన్న కావలి ఉండొద్దా?" అంది పెద్దమ్మ, గంప ఎత్తుకుంటూ.

స్టేషన్ మూతపడింది. అప్పట్నుంచి అక్కకు ఆయాసం వచ్చినప్పుడల్లా సంఘపెద్దే సైకిల్ తెచ్చి, వెనక కూర్చోబెట్టుకుని పెద్దరోడ్డు దాకా తీసుకుపోయేవారు. "పిల్ల దక్కుతదా, పెద్దయ్యా?" అని అమ్మ ఏడిస్తే, "నువ్వు ప్రార్థన జెయ్యమ్మా, నేను తొక్కుత" అనేవారు. దారంతా ఆయనా కళ్లు తెరుచుకునే, రొప్పుతూ, ఒక్కో మాట ప్రార్థించేవారని అక్క ఇప్పటికీ చెబుతుంది. వాళ్లు మలుపు దాటాక, అక్కకు తర్వాతి ఊపిరి అందిందో లేదో తెలియక మేం గుమ్మంలో నిలబడిపోయేవాళ్లం.

దేవుని కాలానికి హద్దు లేదని నమ్ముతాను. అక్క ఒక ఊపిరికీ మరో ఊపిరికీ మధ్య కాలం ఎంత పొడవో మాత్రం ఆ గుమ్మంలోనే తెలిసింది.