నల్లా దగ్గర నా ఇంగ్లీష్

వయసులో ఉన్నప్పుడు మనకు రాని విద్య వచ్చని నలుగురూ నమ్మితే, కాదని చెప్పడానికి మనసొప్పదు. నాచారంలో ఉన్న ఆ కాలంలో నాకు ఇంగ్లీష్ వచ్చని మా బస్తీ అంతా నమ్మింది. నిజానికి నాకు వచ్చింది టైపు. ఇండస్ట్రియల్ ఏరియాలో సీసాలకు మూతలు చేసే చిన్న కంపెనీలో టైపిస్టుగా ఉండేదాన్ని. కాగితం మీది అక్షరాలు కళ్లలోంచి నేరుగా వేళ్లలోకి పోయేవి, మధ్యలో బుర్రలో ఎక్కడా ఆగేవి కావు. (ఇంగ్లీష్ అర్థమయ్యే టైపిస్టులు తన తప్పులు దిద్దుతారని మా మేనేజరుకు భయం. అందుకే నేనంటే ఆయనకు అభిమానం.) ఎవరింటికి ఏ ఇంగ్లీష్ కాగితం వచ్చినా ఆదివారం చర్చి అయిపోగానే నా చేతిలో పెట్టేవాళ్లు. నేను కాసేపు చూసి, గంభీరంగా తల ఊపి, రేపు చెప్తాననేదాన్ని. మర్నాడు కంపెనీలో అకౌంటెంట్ సారును అడిగి తెలుసుకుని చెప్పేదాన్ని.

అట్లాంటి రోజుల్లో మా వీధి నల్లా తీసేస్తారన్న కబురు మోసుకొచ్చాడు యూనియన్ అన్న. మా కంపెనీలోనే మిషన్ మీద పనిచేసేవాడు. ఎక్కడో సముద్రాల అవతలి పెద్ద బ్యాంకు మన సర్కారుకు అప్పు ఇస్తుందట, అందుకు వీధి నల్లాలు ఉండొద్దని షరతు పెట్టిందట, నీళ్ల పని ఏదో కంపెనీ చేతికి పోతుందట. బస్తీ మొత్తానికి ఉన్నది ఆ ఒక్క నల్లా. అక్కడ బిందెల వరుసకు న్యాయం చెప్పేది మా పెద్దమ్మ. ఉప్పల్‌లో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంట చేసేది. అన్న చెప్పిందంతా విని ఒక్క మాట అడిగింది.

"గా బ్యాంకోడు ఎన్నడన్న బిందె మోసిండా?"

మోసి ఉండడని అన్న ఒప్పుకున్నాడు. అంతే, ధర్నా ఖాయమైంది.

ఉప్పల్ చౌరస్తా దాకా రెండుసార్లు ఊరేగింపుగా పోయాం. బస్సులు ఆగినందుకు కండక్టర్లు కసిరారు తప్ప మమ్మల్ని పట్టించుకున్నవాళ్లు లేరు. ఇంతలో ఆ బ్యాంకు మనుషులే బస్తీలు చూడటానికి వస్తున్నారని తెలిసింది. వాళ్లతో ఇంగ్లీష్‌లో మన పిల్లే మాట్లాడుతుందని యూనియన్ అన్న అందరిముందూ ప్రకటించేశాడు. నిజం చెప్పడానికి అదే ఆఖరి అవకాశం. చెప్పలేదు. వారం రోజులు జ్వరం రావాలని మోకాళ్ల మీద ప్రార్థన చేశాను. ఒక్క తుమ్ము కూడా రాలేదు.

చెప్పిన రోజుకు వచ్చారు. టోపీ పెట్టుకున్న ఒక పొడుగాటి తెల్లాయన, ఆయనకు మన మాటలు ఇంగ్లీష్‌లో చెప్పడానికి మన ఆఫీసరు ఒకాయన. ఆడవాళ్లంతా ఖాళీ బిందెలతో నల్లా చుట్టూ కూర్చున్నారు. పెద్దమ్మ లేచి, ఇది తీసేస్తే పొద్దున్నే పనులకు పోయేవాళ్లం నీళ్లకు ఎక్కడికి పోవాలని, అప్పు తెచ్చేముందు మమ్మల్ని ఎవరన్నా అడిగారా అని నిదానంగా చెప్పింది. ఆఫీసరు నవ్వుముఖంతో విని తెల్లాయనవైపు తిరిగి ఏదో అన్నాడు. అందులో నాకు అందింది ఒక్కటే ముక్క, "పీపుల్ ఆర్ హ్యాపీ" అని. హ్యాపీ అంటే నాకు తెలుసు. పండగ కార్డుల మీద ఉంటుంది.

"ఏమంటుండు బిడ్డా?" అంది పెద్దమ్మ.

"మనం సంతోషంగ ఉన్నమని చెప్తుండు."

ఆమె నా వీపు మీద చెయ్యి వేసి ముందుకు నెట్టింది.

నోరు తెరిచాను. బుర్రలో ఏమీ లేదు. వేళ్లు మాత్రం గాలిలో టైపు కొడుతున్నాయి. వాటి వెంటే మాటలొచ్చాయి. "డియర్ సర్, వుయ్ రిగ్రెట్ టు ఇన్‌ఫామ్ యూ దట్ వుయ్ కెనాట్ యాక్సెప్ట్ యువర్ ఆఫర్." మీరు ఇస్తామన్నది తీసుకోలేమని చెప్పడానికి చింతిస్తున్నాం అని అర్థం. సరుకు అమ్ముతామని వచ్చేవాళ్లకు మా కంపెనీ రాసే ఉత్తరం అది, వారానికి నాలుగైనా కొట్టేదాన్ని. ఎక్కడ ఆపాలో తెలియక "యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ" దాకా పోయాను. (దాని కింద మేనేజరు పేరూ హోదా కూడా చెప్పేశాను.)

తెల్లాయన నవ్వలేదు. ఆఫీసరును ఒకసారి తేరిపార చూసి, టోపీ తీసి, చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. తర్వాత నన్ను మెల్లగా ఒక ప్రశ్న అడిగాడు. అదేమిటో ఈరోజుకీ నాకు తెలియదు. అట్లాంటి ప్రశ్నకు మా కంపెనీ ఎప్పుడూ జవాబు రాసి ఉండదు. నేను తల ఊపాను. ఆయన వెళ్లిపోయాడు.

నల్లా ఇంకో మూడు ఎండాకాలాలు ఉంది. మా ధర్నా వల్లనో, ఫైలు ఏ బీరువా వెనకో పడిపోవడం వల్లనో చెప్పలేను. తర్వాత ఇంటింటికీ నీళ్ల మీటర్లు వచ్చాయి. ఒక పొద్దున లేచి చూస్తే నల్లా ఉన్నచోట సిమెంటు పూసి ఉంది. ఆ రోజు ఎవరూ రోడ్డు మీదికి రాలేదు. నేనూ డ్యూటీకి టైమైందని బస్సెక్కాను. అది తలుచుకుంటేనే ఇప్పటికీ కొంచెం సిగ్గేస్తుంది.

పెద్దమ్మ ఇప్పుడు అన్నోజిగూడలో కూతురి దగ్గర ఉంటోంది. మొన్న చూడటానికి పోతే, నన్ను పక్కనే కూర్చోబెట్టుకుని పక్కింటామెకు ఆ కథ మొదలుపెట్టింది. ఆమె కథలో నేను అర్ధగంట ఆగకుండా ఇంగ్లీష్ మాట్లాడాను. తెల్లాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆఫీసరుకు చెమటలు పట్టాయి. ఆ పిల్ల ఎవరో గానీ, నాకంటే చాలా ధైర్యం గలది. నేను కూడా చాయ్ పక్కన పెట్టి, తర్వాత ఏమైందా అని పక్కింటామెతో పాటు వింటూ కూర్చున్నాను.