ఎలుక రాలిన ఇంటికి కాపలా

వరదలొస్తాయని మనవరాలు టార్చి, మందులు సంచిలో సర్దుతుంటే మా అటక గుర్తొచ్చింది. పావగడ పల్లెల్లో పుట్టిన నా ఈడువాళ్లకు తెలుసు కదా! ఇంట్లో ఎలుక చచ్చిపడితే ప్లేగు వచ్చినట్టే. ఊరొదిలి చేలో గుడిసెలు వేసుకోవాలి. అందుకే వాసాలు, ఈతచాపలు, మోకులు ఎప్పుడూ అటక మీద సిద్ధంగా ఉండేవి.

ఆ ఏడు మా ఇంట్లో ఎలుక రాలింది. అందరం బండెక్కాం.

"హనుమా, నువ్వు ఈడనే ఉండు. ఇంట్లో గింజలుండాయి," అన్నాడు తాత మా జీతగాడితో.

"అట్లే సామీ," అన్నాడు హనుమన్న.

వారం తిరక్కుండానే ప్లేగుతో పోయాడు.

"మన పెద్దల ముందుచూపే వేరు" అని ఇక్కడ పోస్టులు పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ముందుచూపుతోనే చేలో మా ఎద్దులకు కూడా గుడిసె వేశారు.